నెల్లూరు, ప్రకాశం కౌన్సిలర్లకు ఒకే సంఘమా, ఎవరి సంఘం వాళ్ళదా? అమెరికా వాళ్ళు ఎట్టా నెట్టుకొచ్చారు?

పెన్నా_ఒడ్డు
మన రెండు జిల్లాల్లో కౌన్సిలర్ అనే బోర్డు కింద పనిచేసేవాళ్ళు తక్కువలో తక్కువ ఐదు రకాలుండారు. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల వాళ్ళు, పెద్దాసుపత్రుల్లో ఐసీటీసీ (హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రం) వాళ్ళు, డీ-అడిక్షన్ సెంటర్ల వాళ్ళు, సఖి సెంటర్ (హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే కేంద్రం), ఫ్యామిలీ కోర్టు వైపు వాళ్ళు, సొంతంగా గది తీసుకుని కూర్చున్న సైకాలజీ ఎమ్మెస్సీలు. ఒకరి చదువును ఇంకొకరు ఒప్పుకోరు. సంఘం పెడదామని వాట్సాప్ గ్రూపు పెట్టీపెట్టకముందే "ఎమ్మెస్సీ లేనోళ్ళను ఎవరు చేర్చారు" అని రచ్చ.

అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 70 ఏళ్ళకు పైగా నడుస్తా ఉంది గదా. ఈ చిక్కు వాళ్ళకు రాలేదా? వస్తే ఎట్టా విప్పుకున్నారు? చరిత్ర తెలిసినవాళ్ళు చెప్పండి. పనిలో పనిగా ఇక్కడ రిజిస్ట్రేషన్ సంగతి కూడా.

కావలి_పాఠం
విప్పుకోలేదన్నా, ముడి మీద ముడి వేసుకుంటా వచ్చారు.

1908 జనవరిలో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ వొకేషన్స్ బ్యూరో తెరిచాడు. ఇంజనీరింగ్ చదివి లాయరైన మనిషి, సైకాలజిస్టు కాదు. బతకడానికి ఊళ్ళోకొచ్చిన కుర్రోళ్ళు దొరికిన పనిలో దూరి నలిగిపోతా ఉంటే, ముందు నీ సంగతి తెలుసుకో, తర్వాత పనుల సంగతి తెలుసుకో, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించు అన్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో పోయాడు, ఆయన పుస్తకం 1909లో అచ్చయింది. 1913లో మిషిగన్ రాష్ట్రం గ్రాండ్ రాపిడ్స్‌లో నేషనల్ వొకేషనల్ గైడెన్స్ అసోసియేషన్ పుట్టింది. అంటే తొలి సంఘం ఉద్యోగాల దారి చూపేవాళ్ళది. మానసిక చికిత్స ఊసే లేదు.

1952లో నాలుగు సంఘాలు కలిసి అమెరికన్ పర్సనెల్ అండ్ గైడెన్స్ అసోసియేషన్ అయినాయి. ఆ 1913 నాటిది ఒకటి. కాలేజీల్లో విద్యార్థి వ్యవహారాలు చూసేవాళ్ళది ఒకటి. టీచర్ ట్రైనింగ్ కాలేజీల్లో అదే పని చేసేవాళ్ళది ఇంకోటి. గైడెన్స్ సూపర్వైజర్లూ, కౌన్సిలర్లకు పాఠాలు చెప్పేవాళ్ళూ కలిసి పెట్టుకున్నది నాలుగోది. మరుసటేడు స్కూల్ కౌన్సిలర్లు వచ్చి చేరారు. 1983లో అమెరికన్ అసోసియేషన్ ఫర్ కౌన్సెలింగ్ అండ్ డెవలప్‌మెంట్ అని పేరు మార్చారు, ఇప్పుడున్న పేరు 1992లో వచ్చింది.

అసలు కిటుకు ఏందంటే, కలిసినప్పుడు ఏ సంఘాన్నీ రద్దు చెయ్యలేదు. పెద్ద సంఘం కింద విభాగాలుగా ఉంచారు. ఎవరి కమిటీ వాళ్ళది, ఎవరి చర్చలు వాళ్ళవి. ఆఫీసు, పత్రిక, మహాసభ మాత్రం ఉమ్మడి.

మైపాడు_గాలి
1952 అంటే పొట్టి శ్రీరాములు గారు దీక్షకు కూర్చున్న ఏడాది. మనం విడిపోవాలని కొట్లాడుతుంటే అక్కడ కలవడానికి కూర్చున్నారన్నమాట.

ఒంగోలు_గిత్త
కలిసి ఏం లాభం? కాలేజీల వాళ్ళు 1992లోనే బయటికి పోయారు. 2010ల చివర్లో స్కూల్ కౌన్సిలర్లూ, మెంటల్ హెల్త్ కౌన్సిలర్లూ ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. పేరు మారినప్పుడల్లా ఎవరో ఒకరు అలిగారు. కలిపి పెడితే ఇక్కడా అంతే. మొదటి నుంచే వేరుగా పెట్టుకుంటే పోలా?

కావలి_పాఠం
పోయిన మాట నిజమే. కానీ ఎప్పుడు పోయారో చూడు. లైసెన్సు చట్టాలు వచ్చినాక స్కూలు వాళ్ళూ, మెంటల్ హెల్త్ వాళ్ళూ పోయారు. ఆ చట్టాలు తెచ్చేదాకా ఒకే కప్పు కింద ఉండారు. కాలేజీల వాళ్ళ సంగతి వేరు. వాళ్ళలో చాలామంది విద్యార్థి వ్యవహారాల అధికారులు, తాము కౌన్సిలర్లమని ఎప్పుడూ అనుకోలేదు. సంఘం పేరులో కౌన్సెలింగ్ గట్టిపడే కొద్దీ వాళ్ళకు అక్కడ పని లేకుండా పోయింది.

లాయర్‌పేట_ఫైలు
లైసెన్సు కథ అసలైంది, అది చెప్పకుండా వదిలేశారు. 1970ల మొదట్లో వర్జీనియాలో జాన్ వెల్డన్ అనే కౌన్సిలర్ సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్నాడు. లైసెన్సు లేకుండా సైకాలజీ ప్రాక్టీసు చేస్తున్నాడని సైకాలజిస్టుల బోర్డు కోర్టుకెక్కింది. కౌన్సెలింగ్ వేరే వృత్తే, సైకాలజీ కాదు, అయితే దానికీ ఒక కట్టడి ఉండాల్సిందే అని కోర్టు తేల్చింది. దాంతో 1976లో వర్జీనియా చట్టం చేసింది, దేశంలో అదే మొదటిది. చివరిది కాలిఫోర్నియా, 2009లో. మొదటి రాష్ట్రానికీ ఆఖరి రాష్ట్రానికీ మధ్య 33 ఏళ్ళు.

చట్టాలన్నీ వచ్చేదాకా సంఘం ఊరికే కూర్చోలేదు. 1961లోనే నైతిక నియమావళి రాసుకుంది, అంటే చట్టం కంటే 15 ఏళ్ళు ముందు. 1981లో కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ సీఏసీఆర్ఈపీ, 1982లో పరీక్ష పెట్టి సర్టిఫై చేసే బోర్డు ఎన్‌బీసీసీ. ఈ రెండూ సంఘం చొరవతో వచ్చినవే, కానీ సంఘం నుంచి వేరుగా నడుస్తాయి. మెంబర్‌షిప్ డబ్బు తీసుకునే చెయ్యే పాస్ మార్కులు వేస్తే ఎవరూ నమ్మరు. మన గ్రూపులో ఎవరైనా "మేమే సర్టిఫికెట్ ఇస్తాం" అంటుంటే ఈ ముక్క చూపించండి.

ర్యాంకు_41వేలు
ఈఏపీసెట్ రెండో విడత కౌన్సెలింగ్ గురించి ఇక్కడేనా అడగాల్సింది? వెబ్ ఆప్షన్లు మార్చుకోవచ్చా?

మైపాడు_గాలి
పక్క విభాగం తమ్ముడూ. ఇక్కడ అందరూ వాళ్ళ సీటు ఎక్కడో వాళ్ళే తేల్చుకోలేక ఉండారు.

దర్గామిట్ట_డెస్క్
ఎమ్మెస్సీ లేనోళ్ళు అంటున్న అక్కలకూ అన్నలకూ ఒక మాట. 2021 నాటి నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం షెడ్యూలు తెరవండి. బిహేవియరల్ హెల్త్ సైన్సెస్ అనే వర్గంలో సైకాలజిస్టులతో పాటు హెచ్‌ఐవీ కౌన్సిలర్లు, ఫ్యామిలీ ప్లానింగ్ కౌన్సిలర్లు, సోషల్ వర్కర్లు పేరు పెట్టి ఉండారు. కేంద్ర చట్టమే అందర్నీ ఒక వర్గంలో పెడితే, జిల్లా సంఘం గేటు వెయ్యడం ఏంది?

సింహపురి_ఎమ్మెస్సీ
షెడ్యూల్లో పేరుంటే సరిపోదు మేడమ్. అదే చట్టంలో గంటల లెక్క కూడా ఉంది. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనాలంటే 2,000 గంటలకు తగ్గని చదువు, రెండు నుంచి నాలుగేళ్ళలో. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనాలంటే 3,600 గంటలకు తగ్గని డిగ్రీ, మూడు నుంచి ఆరేళ్ళలో. శని, ఆదివారాలు హోటల్ హాల్లో కూర్చుని డిప్లొమా తెచ్చుకున్నోళ్ళు ఈ రెంటిలో ఎందులోకొస్తారు? నా అభ్యంతరం ఐసీటీసీ వాళ్ళ మీద కాదు, వీళ్ళ మీద.

దర్గామిట్ట_డెస్క్
అది ఒప్పుకుంటా.

లాయర్‌పేట_ఫైలు
ఇంకో తేడా కూడా తెలుసుకోండి. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 2017లో మెంటల్ హెల్త్ ప్రొఫెషనల్ నిర్వచనంలో కౌన్సిలర్ లేడు. సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, మెంటల్ హెల్త్ నర్సు, ఆయుష్‌లో మానసిక వైద్యం పీజీలు. అంతవరకే. క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, రిజిస్టర్‌లో పేరుండాలి, సీఆర్ఆర్ నంబరు అంటారే, అదీ. రిజిస్టర్‌లో లేకుండా ఆ పని చేస్తే ఆర్సీఐ చట్టం 13వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో, రెండూనో. ఎమ్మెస్సీ సైకాలజీ చదివి బోర్డు మీద క్లినికల్ అని రాయించుకుంటే ఇరుక్కునేది ఇక్కడే. జరిమానా వెయ్యేగదా అని నవ్వకండి, పేపర్లో ఫోటో పడుతుంది.

గుండ్లకమ్మ_88
మన దేశంలో ఈ సంఘాల చరిత్ర లేదా, అంతా అమెరికా చుట్టూనేనా?

కావలి_పాఠం
ఉంది, కానీ నడక తిరగబడింది. 1938లో కలకత్తా యూనివర్సిటీ అప్లైడ్ సైకాలజీ శాఖలో వొకేషనల్ గైడెన్స్ విభాగం. 1941లో బొంబాయిలో బాట్లీబాయ్ బ్యూరో, 1947లో అక్కడే పార్సీ పంచాయతీ బ్యూరో. హైస్కూలు చదువుల మీద వేసిన ముదలియార్ కమిషన్ స్కూళ్ళలో గైడెన్స్ ఉండాలని చెప్పాక 1954లో ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ గైడెన్స్ బ్యూరో, తర్వాత రాష్ట్రాల బ్యూరోలు. క్లినికల్ సైకాలజిస్టులు మాత్రం 1968లో సొంత అసోసియేషన్ పెట్టుకున్నారు. వాళ్ళు గట్టిగా నిలబడ్డానికి కారణం ఇన్నాళ్ళూ ఎమ్ఫిల్ అనే గేటు ఉండటం. కౌన్సిలర్లకు ఆ గేటే లేదు. అమెరికాలో పనిచేసేవాళ్ళే సంఘం పెట్టి ప్రభుత్వాన్ని కదిలించారు. ఇక్కడ ప్రభుత్వం బ్యూరో పెట్టింది, పోస్టులు నింపలేదు, బ్యూరోతో పాటే ఆ వృత్తీ చల్లారింది.

ఒంగోలు_గిత్త
అక్కడా ఊరికే కదల్లేదు సామీ. 1957లో రష్యా వాడు స్పుట్నిక్ ఎగరేశాడు, 1958లో అమెరికా నేషనల్ డిఫెన్స్ ఎడ్యుకేషన్ యాక్ట్ చేసింది. లెక్కలూ సైన్సూ వచ్చే పిల్లల్ని ఏరాలని స్కూల్ కౌన్సిలర్ల శిక్షణకు డబ్బు కుమ్మరించారు. సంఘం పెరిగింది దాంతోనే. ప్రేమతో కాదు, భయంతో.

పెన్నా_ఒడ్డు
ఇది బాగుంది. అయితే మనకు అట్టాంటి ఊపు ఎక్కడినుంచి రావాలి?

లాయర్‌పేట_ఫైలు
వచ్చేసింది. 2025 జూలై 25న సుప్రీం కోర్టు సుక్‌దేబ్ సాహా కేసులో తీర్పిచ్చింది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటా చనిపోయిన అమ్మాయి తండ్రి వేసిన కేసు. చట్టం వచ్చేదాకా ఇవే పాటించాలని మార్గదర్శకాలు పెట్టింది. 100 మంది, ఆపైన విద్యార్థులుండే ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలి. అంతకు తక్కువైతే బయటి నిపుణులతో రిఫరల్ ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ. కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్ళకూ ఇది వర్తిస్తుంది.

ఇప్పుడు నెల్లూరు, ఒంగోలు, కావలిలో ఎన్ని రెసిడెన్షియల్ క్యాంపస్‌లుండాయో లెక్కేసుకోండి. పోస్టులు ముందొచ్చి అర్హత అంటే ఏందో తేల్చేవాళ్ళు లేకపోతే ఎవరితో నింపుతారు? వార్డెన్‌కే ఇంకో ఐడీ కార్డు మెళ్ళో వేస్తారు.

సింహపురి_ఎమ్మెస్సీ
వేస్తారు కాదు, వేశారు. పొద్దున స్టడీ అవర్‌లో మార్కులు తగ్గాయని తిట్టిన మనిషే సాయంత్రం కౌన్సెలింగ్ గదిలో కూర్చుంటే పిల్లాడు నోరు తెరుస్తాడా? పైగా ఆ గది ప్రిన్సిపాల్ చాంబర్ పక్కన, తలుపుకు అద్దం, లోపల సీసీ కెమెరా. సంఘం పెట్టాక మొదటి పని కాలేజీలకు ఒక పేజీ కాగితం పంపడం. గది ఎక్కడుండాలి, నోట్సు ఏ బీరువాలో ఉండాలి, తాళం ఎవరి దగ్గరుండాలి, మేనేజ్‌మెంట్ ఏం అడగొచ్చు, ఏం అడగకూడదు.

గుండ్లకమ్మ_88
అందులో పోక్సో చట్టం ముక్క కూడా పెట్టండి. పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పి తీరాలి. గోప్యత అని దాచితే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. మొదటి సెషన్‌లోనే పిల్లాడికి ఈ హద్దు చెప్పాలి. అంతా విన్నాక చెబితే నమ్మకద్రోహంగా అనిపిస్తది. ప్రాణం మీదికొచ్చే మాట వింటే కూడా అంతే, ఒంటరిగా మోయకూడదు. రాత్రిపూట అయితే టెలి-మానస్ (ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైను) 14416 నంబరు గది గోడ మీదా, హాస్టల్ ఫోన్ దగ్గరా రాసి ఉండాలి.

బైలా_బాబాయి
చరిత్ర అయిపోయిందా? ఇక కాగితాల దగ్గరికి రండి.

మన రాష్ట్రంలో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001. కనీసం ఏడుగురు సభ్యులు. రాసివ్వాల్సినవి రెండు: మెమొరాండం (సంఘం ఏందో, ఎందుకో చెప్పే కాగితం), బైలాలు (సంఘం నడిచే నియమాలు). మెమొరాండంలో పేరు, ఆఫీసు అడ్రసు, ఉద్దేశాలు, మొదటి కమిటీ వాళ్ళ పేర్లు, తండ్రి లేక భర్త పేరు, వయసు, వృత్తి, చిరునామా, సంతకం. ఆధార్ కాపీలు. ఆఫీసు అడ్రసుకు కరెంటు బిల్లో ఇంటి పన్ను రసీదో, అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నట్టు కాగితం. ఇచ్చేది జిల్లా రిజిస్ట్రార్‌కు, అంటే స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ.

వెనక్కొచ్చేది ఎక్కడంటే, ఒకటి పేరు. నేషనల్ అనో, ఇండియన్ అనో, ప్రభుత్వానిదేమో అనిపించేట్టో పెడితే 1950 నాటి ఎంబ్లమ్స్ అండ్ నేమ్స్ చట్టం చూపించి ఆపుతారు. ఇప్పటికే ఉన్న పేరుకు దగ్గరగా ఉన్నా అంతే. రెండు, ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, మెమొరాండంలో ఇంకో రకంగా ఉండటం. మూడు, ఉద్దేశాల్లో జీతాల పెంపు, సమ్మె లాంటివి రాయడం. అది ట్రేడ్ యూనియన్ పని, ఈ చట్టం కింద కుదరదు.

ఒంగోలు_గిత్త
జీతాల మాట లేకపోతే ఎవడు చేరతాడు బాబాయ్?

బైలా_బాబాయి
చేరినోళ్ళు మాట్లాడుకోవద్దని ఎవరన్నారు? కాగితం మీద ఉద్దేశం వృత్తి ప్రమాణాలు, శిక్షణ, ప్రజల్లో అవగాహన. ఐసీటీసీ వాళ్ళు కాంట్రాక్టు మీదుండారు, వాళ్ళు పదవుల్లోకి వచ్చే ముందు వాళ్ళ ఒప్పందం చదువుకోవాలి. మామూలు సభ్యత్వానికి అంత ఇబ్బంది ఉండదు.

పెన్నా_ఒడ్డు
బైలాలో ఏం రాయాలి? నెట్‌లో దొరికేవి అన్నీ అపార్ట్‌మెంట్ సంఘాల బైలాలే.

బైలా_బాబాయి
అపార్ట్‌మెంట్ బైలా దించుకుంటే మెయింటెనెన్స్ క్లాజు కూడా వచ్చేస్తది, చూసినా.

సభ్యత్వాన్ని రెండు మెట్లుగా పెట్టండి. ఓటున్న సభ్యులు, ఓటు లేని అసోసియేట్లు. ఓటుకు మాస్టర్స్ డిగ్రీ గానీ, ప్రభుత్వ కార్యక్రమంలో కౌన్సిలర్ నియామక పత్రంతో పాటు ఆ శాఖ శిక్షణ గానీ ఉండాలి. డిప్లొమా వాళ్ళు, చదువుకుంటున్నవాళ్ళు అసోసియేట్లు. గేటు మూసినట్టూ కాదు, తెరిచి పారేసినట్టూ కాదు.

కమిటీలో పనిని బట్టి సీట్లు: విద్యాసంస్థలు, ఆసుపత్రులు, డీ-అడిక్షన్, కుటుంబం, ప్రైవేటు ప్రాక్టీసు. ఒక్కో విభాగం నుంచి ఒకరు తప్పనిసరి. లేకపోతే కాలేజీల వాళ్ళ సంఖ్యే ఎక్కువ, అన్ని సీట్లూ వాళ్ళకే పోతాయి. రెండు జిల్లాలు కలిపి పెడుతున్నారు కాబట్టి అధ్యక్షుడు ఒక జిల్లా, కార్యదర్శి ఇంకో జిల్లా.

బ్యాంకు ఖాతాకు ముగ్గురిలో ఇద్దరి సంతకం. కమిటీ మారినప్పుడు తీర్మానం, రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన కొత్త జాబితా లేకుండా బ్యాంకు సంతకాలు మార్చదు. ఏటా సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లో కమిటీ జాబితా దాఖలు చెయ్యాలి, 9వ సెక్షన్. సంఘాలు చచ్చేది ఇక్కడే. మొదటేడు ఉత్సాహంగా పెడతారు, తర్వాత మర్చిపోతారు. పాత కార్యదర్శి బెంగుళూరు వెళ్ళిపోతాడు, ఖాతాలో డబ్బుంటది, తీసేవాడుండడు. తగాదా వస్తే 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వమో జిల్లా కోర్టో. రిజిస్ట్రార్ తీర్పు చెప్పడు.

మైపాడు_గాలి
చేపల పులుసు ఖర్చు ఏ పద్దులో రాయాలో కూడా చెప్పు బాబాయ్.

బైలా_బాబాయి
సమావేశ ఖర్చులు. బిల్లు ఉంటేనే.

సింహపురి_ఎమ్మెస్సీ
నియమావళిలో ఒకటి ముందే పెట్టాలి: కమీషన్లు. కెరీర్ కౌన్సిలర్ అని బోర్డు పెట్టి, పిల్లాడిని ఫలానా ఇంజనీరింగ్ కాలేజీకి పంపితే అడ్మిషన్‌కు ఇంత అని తీసుకునేవాళ్ళు ఇక్కడ మనకంటే ఎక్కువమంది ఉండారు. డీ-అడిక్షన్ సెంటర్‌కు కేసు పంపినందుకూ అంతే. అమెరికా వాళ్ళ 2014 నియమావళిలో రిఫరల్ మీద కమీషన్ ఇవ్వకూడదు, తీసుకోకూడదు, ఫీజు పంచుకోకూడదు అని స్పష్టంగా ఉంది. క్లయింటుతో వ్యక్తిగత సంబంధం గురించీ ఉంది. కౌన్సెలింగ్ ముగిశాక కూడా కనీసం ఐదేళ్ళ దాకా ప్రేమ, శారీరక సంబంధం నిషేధం.

గుండ్లకమ్మ_88
ఇంత చిన్న ఊళ్ళలో ఐదేళ్ళ సంగతి సరే, క్లయింటు పెళ్ళికి పిలిస్తే పోవాలా వద్దా? ట్రంకు రోడ్డు మీద ఎదురుపడితే పలకరించాలా? అమెరికా నియమాలు దించుకుంటే ఇవి దొరకవు. క్లయింటు పలకరిస్తేనే పలకరించాలి, పక్కవాళ్ళకు ఎట్టా పరిచయమో చెప్పకూడదు, ఈ మాట మొదటి సెషన్‌లోనే మాట్లాడుకోవాలి. అట్టాంటివి మనమే రాసుకోవాలి.

దర్గామిట్ట_డెస్క్
ఇది మాకు రోజూ పనే. ఐసీటీసీ కౌన్సిలర్ బజార్లో ఎవరినైనా ముందుగా పలకరిస్తే చాలు, చూసేవాళ్ళు అనుకోవాల్సింది అనేసుకుంటారు. ఆ క్లాజు రాసేటప్పుడు మా వాళ్ళు కూర్చుంటారు.

సింహపురి_ఎమ్మెస్సీ
తప్పకుండా రండి మేడమ్.

ఒంగోలు_గిత్త
సభ్యత్వ సర్టిఫికెట్ ఇస్తారా? దాన్ని ఫ్రేము కట్టి లైసెన్సు అని చూపించుకుంటే?

లాయర్‌పేట_ఫైలు
సర్టిఫికెట్ వద్దు, రసీదూ సభ్యత్వ కార్డూ చాలు. కార్డు మీద గడువు తేదీ, చదువు, పనిచేసే విభాగం. కింద తెలుగులోనే ఒక వాక్యం: "ఇది సంఘ సభ్యత్వం మాత్రమే. ప్రాక్టీసుకు లైసెన్సు కాదు." రిజిస్టర్డ్ అనే మాట సొసైటీ నంబరు పక్కన తప్ప సభ్యుడి పేరు పక్కన ఎక్కడా రాకూడదు. జీవితకాల సభ్యత్వం అసలు పెట్టొద్దు. ఏటా పునరుద్ధరణ ఉంటేనే నియమావళి తప్పినవాడిని గొడవ లేకుండా ఆపొచ్చు.

ఒంగోలు_గిత్త
ఒకే సంఘం అంటే నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. విభాగానికి ఒక సీటు అని రాస్తేనే చేరతా. డీ-అడిక్షన్ వైపు నుంచి.

పెన్నా_ఒడ్డు
రాస్తాం. ఒక విభాగం బయటికి పోవాలనుకుంటే ఎట్టా అన్నది కూడా రాయాలా బాబాయ్?

బైలా_బాబాయి
ఇప్పుడే రాయండి, మనసులు బాగున్నప్పుడు. విభాగం సమావేశంలో మూడింట రెండొంతుల ఓటు, ఆరు నెలల ముందు నోటీసు, బాకీలు తీర్చడం, ఉమ్మడి ఖాతాలో వాటా అడగకపోవడం. మెమొరాండం ముసాయిదా తెలుగులో పెట్టండి, ఇంటిపేర్లు ఆధార్ ప్రకారం సరిచూస్తా.